నా బదులు నొక్కిన ఒకటి

నాకు మతిమరుపు లేదు. ఫిట్స్ ఉన్నాయి. ఈ రెండింటికీ తేడా చెప్పి చెప్పి ఏడాదిగా విసిగిపోయాను. ఇప్పుడు కాస్త నిలదొక్కుకున్నాను కాబట్టి, చెప్పే ఓపిక పూర్తిగా పోకముందే ఒకసారి రాసి పెట్టాలనిపించింది. ఇలాంటి జబ్బున్నవాళ్ళు చదివితే తోడు దొరికినట్టుంటుంది. వాళ్ళను చూసుకునేవాళ్ళు చదివితే ఇంకా మంచిది.

మాది మలికిపురం. అక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో తొమ్మిది, పది తరగతులకు లెక్కలు చెబుతాను. మా ఆయన రత్నరాజుది కొబ్బరికాయల వ్యాపారం. పొద్దున్నే ఏదో ఒక తోటలో కాయల దింపు దగ్గర ఉండాలి, సాయంత్రం లారీ లోడు దగ్గర ఉండాలి. ఇంట్లో మేమిద్దరం, మా అత్తయ్యగారు.

కిందటేడు జూలైలో ఒక ఉదయం పప్పుకి తాలింపు వేస్తున్నాను. ఆవాలు చిటపటలాడడం వరకే గుర్తు. కళ్ళు తెరిచేసరికి నా తల అత్తయ్యగారి ఒళ్ళో ఉంది, నోటి నిండా రక్తం రుచి. నాలుక కొరుక్కున్నాను. అందరం నీరసం అనుకున్నాం. ఆ వారంలోనే స్కూల్లో మెట్ల దగ్గర మళ్ళీ పడిపోయాను. ఈసారి చూసినవాళ్ళు చాలామంది. ఇక నీరసం అనే మాట చెల్లలేదు.

అమలాపురంలో ఒక ఆసుపత్రికి వారంలో రెండు రోజులు కాకినాడ నుంచి నరాల డాక్టరు వస్తారు. ఆ రెండు రోజులూ కోనసీమలోని వణుకులూ, పక్షవాతాలూ, ఫిట్సూ అన్నీ ఆ ఒక్క హాల్లోకే చేరతాయి. కూర్చోవడానికి ఇనుప కుర్చీలు. గోడమీద టీవీలో ఎవరికీ వినపడని సీరియల్. పిలిచేది ఎవరి పేరో సరిగ్గా వినపడదు కాబట్టి పిలిచినప్పుడల్లా సగం మంది లేచి, మళ్ళీ కూర్చుంటారు. కాట్రేనికోన నుంచి వచ్చిన ఒక పెద్దావిడ నా పక్కన కూర్చుంది. నేను బాత్రూముకి లేస్తే, మా ఆయన టోకెన్ దగ్గర ఉన్నాడని చూసి, తనే నా వెంట వచ్చి తలుపు బయట నిలబడింది. "గడియ పెట్టుకోకండమ్మా, నేనున్నాను" అంది. ఆవిడ పేరు కూడా అడగలేదు నేను. ఆ రోజు నాకు ధైర్యం ఇచ్చింది ఆ ఒక్క మాటే.

డాక్టరుగారు హడావిడి మనిషే గానీ చెడ్డవారు కాదు. ఇది మూర్ఛేననీ, భయపడక్కర్లేదనీ, మందు మాత్రం ఒక్క పూట కూడా తప్పకూడదనీ చెప్పారు. బయటికొచ్చాక కౌంటరులో కూర్చున్నాయన ఫోన్ నంబరు అడిగాడు. ఏళ్ళ తరబడి మందులు వాడాల్సినవాళ్ళకి రోజూ గుర్తుచేస్తూ మెసేజ్ పంపే పద్ధతి కొత్తగా పెట్టారట. నేను నా నంబరు చెప్పబోయాను. మగవాళ్ళదుంటే చెప్పమన్నాడు, దానికి జవాబు పంపాల్సి ఉంటుందట. స్కూల్లో రెండు తరగతుల తల్లిదండ్రులకి రోజూ మెసేజ్‌లు పెట్టేది నేనే. కానీ ఆ రోజు నాలుక వాచి ఉంది, వాదించలేకపోయాను. మా ఆయన తన నంబరు చెప్పాడు.

మర్నాటి నుంచి మొదలయ్యాయి. "సునీత గారికి నమస్కారం. ఇది మీ మందు వేళ. వేసుకుంటే 1, వేసుకోకపోతే 2 పంపండి." పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. అర్ధగంటలో జవాబు వెళ్ళకపోతే మళ్ళీ అదే వస్తుంది. అప్పటికీ వెళ్ళకపోతే మళ్ళీ. మా ఆయన ఏ తోటలోనో గెలలు పడుతున్న చోట నిలబడి, ఫోను తీసి, నాకు చేసేవాడు. "వేసుకున్నావా?" ఆయ్ అనేదాన్ని. పెట్టేసేవాడు. స్కూల్లో ప్రార్థన జరుగుతుంటే ఫోను వణికేది. నేను ఎత్తకపోతే అత్తయ్యగారికి చేసేవాడు. ఆవిడ వంటింట్లో మందు రేకు వెతికి, బిళ్ళ తీసిన చిల్లు చూసి, "వేసుకుందిరా" అని సాక్ష్యం చెప్పేవారు.

నేనేమీ మందు మర్చిపోయే మనిషిని కాదు. పిల్లల హోంవర్కు ఏ పేజీలో ఆగిందో నెల తర్వాతైనా చెప్పగలను. నా ఇబ్బంది వేరు. బిళ్ళ వేసుకున్న గంటకల్లా తల నిండా తడి దూది కూరినట్టుండేది. క్లాసులో సమీకరణం సగంలో మాట జారిపోయేది. "లంబం" అనాల్సిన చోట ఆ మాట దొరక్క, చేత్తో గాలిలో గీసి చూపించేదాన్ని. ఈ సంగతి ఎవరితోనైనా చెప్పుకోవాలని ఉండేది. ఇంట్లో అందరూ అడిగేది ఒకటే, వేసుకున్నావా. వేసుకున్నాక ఎలా ఉంది అని అడిగినవాళ్ళు లేరు. ఎవరైనా "వే" అనబోతుంటేనే నాకు మండుకొచ్చేది. ఒకసారి అత్తయ్యగారు "వేడి అన్నం పెట్టనా" అనబోయారు, మాట మధ్యలోనే "వేసుకున్నానండీ" అని కసిరాను. ఆవిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

సెప్టెంబరుకి మా ఆయన ఫోన్లు ఆగిపోయాయి. నామీద నమ్మకం కుదిరిందనుకుని సంతోషించాను.

అక్టోబరులో తుపాను పట్టింది. కాలవలు పొంగి రోడ్లెక్కాయి. మలికిపురంలో మందుల షాపువాళ్ళు నా మందు స్టాకు లేదన్నారు. రాజోలులోనూ లేదు, తాటిపాకలోనూ లేదు. అమలాపురం బస్సులు ఆపేశారు. చేతిలో ఉన్న రేకు అయిపోయింది. మందు దొరకడం లేదు, ఏం చెయ్యాలో ఆసుపత్రికి మెసేజ్ పెట్టమని మా ఆయన్ని అడిగాను. పెట్టానన్నాడు. ఏమన్నారంటే, ఏమీ అనలేదన్నాడు. కానీ ఊరుకోలేదు పాపం. రాజమండ్రి వెళ్ళే లారీ డ్రైవరుకి చీటీ ఇచ్చి పంపాడు. నీళ్ళు తీసి లారీ తిరిగి వచ్చేసరికి ఆదివారం మధ్యాహ్నమైంది.

ఆ ఆదివారం పొద్దుటే చర్చిలో నాకు ఫిట్స్ వచ్చింది. ప్రభు సంస్కారం రొట్టె తీసుకోవడానికి వరసలో నిలబడి ఉన్నాను. తెలివొచ్చేసరికి నా చుట్టూ ప్రార్థన జరుగుతోంది. చీర తడిసిపోయింది. అది నాకు తెలిసేలోపే ముందు వరసలోని ఒక అమ్మాయి తన శాలువా నడుము నుంచి పాదాల దాకా కప్పేసింది. నాకు సిగ్గుతో ఏడుపొచ్చింది. అందరూ దేవుడు తాకాడనుకున్నారు.

మళ్ళీ అమలాపురం, మళ్ళీ ఆ కుర్చీలు. ఈసారి డాక్టరుగారు నాకంటే ముందు కంప్యూటరు వైపు చూశారు. ఒక్క పూట కూడా తప్పకుండా వేసుకున్నట్టుంది, అయినా వచ్చిందంటే ఈ డోసు చాలడం లేదు, పెంచాలి అన్నారు. మధ్యలో మందు దొరకని రోజులున్నాయని చెప్పాను.

"ఇందులో అలా లేదమ్మా. ఫిట్స్ వచ్చాక కొన్నాళ్ళు కొంచెం తికమకగా ఉంటుంది. కంగారుపడకండి."

నేను మా ఆయన వైపు చూశాను. లారీ డ్రైవరుకి చీటీ ఇచ్చింది ఆయనే కదా. నేలమీద పలకలు చూస్తూ నిలబడ్డాడు. బస్సులో అడిగాను, ఎందుకు చెప్పలేదని. డాక్టరుగారికి తెలీదా, పెద్ద డోసు అయితే మళ్ళీ రాకుండా ఉంటుంది కదా అన్నాడు. కంప్యూటరులో తప్పు పడిందేమో అనుకున్నాను. ఆ తప్పు ఎలా పడిందో నాకు తోచలేదు.

నవంబరు, డిసెంబరు నా బతుకులో లేనట్టే. ఉన్నంతవరకూ మసగ్గా ఉన్నాయి. ఒక గుమ్మం రెండుగా కనబడేది. నడుస్తుంటే నేల కొంచెం పక్కకి జరిగేది. సుద్దముక్క బోర్డు మీద నేననుకున్న చోట పడేది కాదు. ఒక రోజు ఏడెనిమిదులు యాభైనాలుగు అని రాశాను. పిల్లలు నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. ప్రిన్సిపాల్‌గారు పిలిచి, కొన్నాళ్ళు ఆఫీసులో ఫీజు రసీదులు చూసుకోండి మేడమ్, విశ్రాంతిగా ఉంటుంది అన్నారు. పద్నాలుగేళ్ళుగా చెబుతున్న క్లాసు అలా పోయింది. క్రిస్మస్ పాటల బృందంలో కూడా నిలబడలేకపోయాను. ఇంటింటికీ పాడుతూ మా గుమ్మానికి వచ్చినప్పుడు, పక్కమీద పడుకునే విన్నాను.

ఆ రోజుల్లోనే ఒకసారి ఆసుపత్రి మెసేజ్ వచ్చిన నంబరు రాసుకుని నా ఫోను నుంచి చేశాను. ఈ నంబరుకి కాల్స్ రావని ఒక గొంతు తియ్యగా చెప్పింది. నా బాధంతా మెసేజ్ రాశాను. మీ నంబరు మా దగ్గర నమోదు కాలేదని జవాబొచ్చింది. జబ్బు నాది, పేరు నాది, రోజుకి రెండుసార్లు నమస్కారం పెట్టేది నాకు. నేను ఒక్క మాట చెబుదామంటే నేనెవరో దానికి తెలీదు. ఫోను మంచం మీదికి విసిరికొట్టాను. నేల మీదికి విసరలేదు, అంత తెలివి ఉంది.

ఫిబ్రవరిలో పెరటి మెట్ల దగ్గర తూలి పడి మణికట్టు బెణికింది. అది ఫిట్స్ కాదు, మందు మత్తు. అత్తయ్యగారు కట్టు కడుతూ కడుతూ, "ఈ పిల్ల ఇలా ఉండేది కాదురా. మందెక్కువైందేమో అడుగు" అన్నారు మా ఆయనతో. మా ఇంట్లో ఆ మాట మొదట అన్నది ఆవిడే. మర్నాడే అమలాపురం బయల్దేరాం.

టోకెన్ కోసం తెల్లవారుతూనే వెళ్ళాం. టిఫిన్ తినకుండా మందు వేసుకుంటే నాకు కడుపులో తిప్పుతుంది, అందుకని బిళ్ళ సంచీలోనే ఉంచుకున్నాను. హాల్లో పక్కపక్కనే కూర్చున్నాం. మా ఆయన ఫోను మోగింది. చూడకుండానే జేబులోంచి తీశాడు, బొటనవేలితో ఒకటి నొక్కి పంపేశాడు, మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు. టీవీ చూస్తూనే ఉన్నాడు.

"నేనింకా వేసుకోలేదండీ" అన్నాను.

ఆయన మొహం పాలిపోయింది. ఎప్పటి నుంచి అని అడిగాను. చాన్నాళ్ళయిందన్నాడు. అప్పుడు మెల్లగా అంతా చెప్పాడు. తోటల్లో ఫోను మోగుతూనే ఉంటే పని సాగేది కాదట. నొక్కేస్తే ఆగిపోతుందని నొక్కడం మొదలుపెట్టాడట. తుపానులో మందు లేదని నిజంగానే తెలుగులో టైపు చేసి పంపాడట, 1 లేదా 2 మాత్రమే పంపండి అని వచ్చిందట. రెండు నొక్కితే, మందు మానడం ప్రాణాపాయం, వెంటనే వేసుకోండి అని వచ్చిందట. లేని మందు ఎక్కడి నుంచి వెయ్యను అని, ఒకటి నొక్కేశాడట.

"ఆ రోజు డాక్టరుగారి దగ్గర నోరు రాలేదు సునీతా. తిడతారని కాదు. నా వల్లే నీకు వచ్చిందేమోనని భయమేసింది."

నాకు కోపం రాలేదని రాస్తే అబద్ధం. చర్చిలో తడిసిన చీర, యాభైనాలుగు, ఆఫీసు గదిలో రసీదులు, అన్నీ వరసగా కళ్ళముందుకొచ్చాయి. కానీ అంతకన్నా ఎక్కువ కోపం, అడిగేదే తప్ప వినడం తెలియని ఆ మెసేజ్ మీదా, దాన్ని నమ్మి నన్ను నమ్మని గది మీదా వచ్చింది. మీరే చెప్పండి లోపల, నేను చెప్పను అన్నాను. ఆయన తలూపాడు.

చెప్పాడు. నిలబడే చెప్పాడు, ఏమీ దాచలేదు. డాక్టరుగారు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు.

"ఇది ముందే చెప్పాలి కదండీ."

"చెప్పానండీ," అన్నాను. "కిందటిసారి ఇదే కుర్చీలో కూర్చుని చెప్పాను. మీరు అందులో చూసుకున్నారు."

డాక్టరుగారు క్షమాపణ అడగలేదు. కానీ కుర్చీ నా వైపు తిప్పుకుని, మందు వేసుకున్నాక ఏమవుతుందో మొదటి నుంచి చెప్పమన్నారు. చెప్పాను. డోసు ఒక్కసారి కాకుండా కొంచెం కొంచెంగా తగ్గిద్దామన్నారు. మీ అంతట మీరు ఒక్క బిళ్ళ కూడా తగ్గించొద్దని గట్టిగా చెప్పారు. ఇది చదివేవాళ్ళకి నేను కూడా అదే చెబుతున్నాను. నా కథ విని ఎవరూ మందు మానకండి.

బయట లలిత సిస్టర్ ఉన్నారు. రక్తపోటు చూసి, చీటీ చూసి, ఎప్పుడు రావాలో చెప్పే ఆవిడ. మెసేజ్ నంబరు మార్చమని అడిగాను. అది హైదరాబాదు నుంచి నడుస్తుందనీ, మార్పు కోసం రాసి పంపుతాననీ, ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేననీ అన్నారు. నా మొహంలో ఏం కనబడిందో, వార్డు ఫోను తీసి నా నంబరు అందులో వేసుకున్నారు.

"శనివారం శనివారం నేను ఒక మెసేజ్ పెడతానండీ. మీకు తోచింది రాయండి. నేను చూస్తాను."

ఆ శనివారం మధ్యాహ్నం వచ్చింది. "ఎలా ఉన్నారండీ?" అంతే. నేను పరీక్ష రాసినట్టు రాశాను. తూలడం, గుమ్మాలు రెండవడం, రాత్రి కాళ్ళు గుంజడం, అత్తయ్యగారి మీద అరవడం, అన్నీ. పంపాక సిగ్గేసింది, ఇంత ఎవరు చదువుతారని. సాయంత్రం ఆవిడ ఫోన్ చేశారు. డాక్టరుగారికి చూపించారట, రాత్రి బిళ్ళ సగం చెయ్యమన్నారట. "అత్తయ్యగారి సంగతి మాత్రం చూపించలేదండీ, అది మీరే చూసుకోవాలి" అన్నారు. ఎన్నో నెలల తర్వాత నేను నవ్వాను. ఆ రాత్రి అత్తయ్యగారికి అన్నం నేనే వడ్డించి, తప్పైపోయిందండీ అన్నాను. మందు పొగరులే అన్నారావిడ.

ఏప్రిల్‌కి గుమ్మాలు ఒక్కటయ్యాయి. మే నెల ఎండల్లో కూడా తల తేలిగ్గా ఉంది. చర్చి తర్వాత మళ్ళీ ఫిట్స్ రాలేదు. రాదని ఎవరూ చెప్పలేరు, నేనూ చెప్పను. మందు రెండు పూటలా వేసుకుంటున్నాను.

అయినా విసుగు పోయిందనుకోకండి. ఇప్పటికీ ఆసుపత్రి మెసేజ్ మా ఆయన ఫోనుకే వస్తోంది. వెళ్ళిన ప్రతిసారీ అడుగుతున్నాను, వెళ్ళిన ప్రతిసారీ రాసుకుంటున్నారు. ఆయన ఇప్పుడు నన్ను అడక్కుండా ఏదీ నొక్కడు, దాంతో అది అర్ధగంటకోసారి మోగుతూనే ఉంటుంది. లలిత సిస్టర్‌కి నాలాంటివాళ్ళు ఎంతమందో. ఆవిడ బదిలీ అయితే శనివారం మెసేజ్ ఎవరు పెడతారో తెలీదు. అంత ఖర్చుపెట్టి ఊరూరా మెసేజ్‌లు పంపే ఏర్పాటు చేసినవాళ్ళు, జవాబు చదవడానికి ఒక మనిషిని ఎందుకు పెట్టలేదో నాకు ఎవరూ చెప్పలేదు.

జూన్‌లో స్కూలు తెరిచాక ప్రిన్సిపాల్‌గారి దగ్గరికి వెళ్ళి నా క్లాసు నాకిమ్మన్నాను. డాక్టరుగారి కాగితం తెమ్మన్నారు, తెచ్చాను. పిల్లలు భయపడతారేమో అన్నారు. వాళ్ళకి నేనే చెప్పుకుంటానన్నాను. ఒప్పుకోవడానికి వారం తీసుకున్నారు.

మొదటి పీరియడ్‌లో లెక్కల పుస్తకం ముయ్యమన్నాను. నాకు ఫిట్స్ ఉందని, ఎప్పుడైనా పడిపోవచ్చని చెప్పాను. పడితే నన్ను పక్కకి తిప్పి పడుకోబెట్టండి, దగ్గర్లో బల్ల ఉంటే జరపండి అన్నాను. నోట్లో ఏమీ పెట్టొద్దు. చేతిలో తాళాలు, ఇనుము పెట్టొద్దు, వాటివల్ల ఏమీ కాదు. ఒకరు ఆఫీసుకి వెళ్ళండి, తొందరగా తగ్గకపోతే ఆసుపత్రికి తీసుకెళ్ళమని చెప్పండి. మిగతావాళ్ళు దూరంగా ఉండండి.

రెండో బెంచీలో ప్రసన్న అనే అమ్మాయి చెయ్యెత్తింది.

"అప్పుడు మీకు నొప్పిగా ఉంటుందాండీ, మేడమ్?"

"అప్పుడేమీ తెలీదమ్మా," అన్నాను. "లేచాక చుట్టూ ఉన్నవాళ్ళ మొహాలు చూస్తేనే భయమేస్తుంది."

ప్రసన్న పక్కనున్న పిల్లల వైపు ఒకసారి చూసి, వాళ్ళందరి తరఫున చెప్పింది.

"ఆయ్. అయితే మేం మామూలుగా ఉంటామండి."

పుస్తకాలు తియ్యమన్నాను.